సంచి లేని మిషను

"సంచి ఉన్న పాత వాక్యూమే మంచిగుండె మేడమ్," అంది సారమ్మ దగ్గుతూ. "ఈ కొత్తదాని డబ్బా దులిపితే సగం దుమ్ము నా ముక్కులకే వస్తున్నది."

ఆ గండిపేట విల్లాలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆమెను మానస అందరికీ 'మా ఇంటి మనిషి' అనే చెబుతుంది.

"సంచిలో ఏం పోయిందో తెలీదు. ఈ డబ్బాలో అన్నీ కనిపిస్తాయి," అంది మానస, ఫోన్లోంచి తలెత్తకుండా.

"దుమ్మును చూసి ఏం చేస్తరు?"

"నా వజ్రపు దిద్దు పోయింది కదా."

"ఆ దినమే సంచి చింపి, చేతులతోటి దుమ్మంత దేవులాడిన. అండ్ల లేకుండె."

"చింపింది నువ్వే కదా. నేను చూడలేదు."

సారమ్మ గదులన్నీ శుభ్రం చేసి, నిండిన డబ్బాను తెచ్చి మానస ముందు పెట్టింది. పక్కనే తన అన్నం సంచి కూడా విప్పి పెట్టింది.

"రెండూ చూస్కోండ్రి మేడమ్."