ఆ పిల్ల తరఫున

"దాని దవడ విరిగిందండి. తీగతో కట్టేశారు. నోరు తెరవలేదు. అందుకని నేనొచ్చాను" అంది గంగరత్నం, మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే.

లాయరు వైదేహి కుర్చీ చూపించింది. తెనాలి కోర్టుకు ఎదురుగా, మందుల షాపు మీది గది ఆమె ఆఫీసు. మెట్లు ఇరుకు. ఆవిడ గోడ తడుముకుంటూ ఎక్కి రావడం పైనుంచి చూస్తూనే ఉంది. చేతిలో రెండు గిన్నెల క్యారియర్.

పెనుమూడి నుంచి వచ్చిందట. పిల్ల పేరు తిరుపతమ్మ. మొగుడు నాంచారయ్య తాగొచ్చి పడవ తెడ్డుతో కొట్టాడు. ఇప్పుడు పిల్ల తెనాలి ఆసుపత్రిలో ఉంది, వాడు సబ్‌జైల్లో ఉన్నాడు. ఎల్లుండి వాడి బెయిలు పిటిషన్ విచారణ. రేపల్లెలో లాయర్లను అడిగితే, దెబ్బలు తిన్నవాళ్లకు లాయరెందుకు, సర్కారు లాయరున్నాడుగా అని పంపేశారట.

"ఆయన మంచాయనేనండి. కానీ ఆయన బల్ల మీద కట్టలు చూశాను. మా పిల్ల ఏ కట్టలో ఉందో ఆయనకే తెలీదు. దానికోసమని ఒక మనిషి నిలబడాలండి."

"పిల్లను ఉన్న ఊళ్లోనే ఇచ్చారా పిన్నిగారూ?"

"మా కళ్లముందే ఉంటదండి."

పిల్లకు ఇంకెవరూ లేరా అని అడిగింది వైదేహి. బాపట్లలో అన్న ఉన్నాడనీ, సర్దుకుపొమ్మంటున్నాడనీ చెప్పింది గంగరత్నం. వకాలతు కాగితం ఇస్తే ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. సాయంత్రానికి దానిమీద తిరుపతమ్మ సంతకం పెట్టించి తెచ్చింది. అక్షరాలు వంకరపోయి ఉన్నాయి.

తను నేరుగా వాదించడానికి వీల్లేదని వైదేహి ముందే చెప్పింది. సర్కారు లాయరు వెనక నిలబడి మాట అందించాలంతే.

"వెనకైనా చాలండి. ఉన్నారని తెలిస్తే చాలు."

గుమ్మం దాకా వెళ్లి ఆగింది గంగరత్నం.

"బయటికొస్తే మిగిలింది పూర్తిచేస్తానన్నాడండి."

"ఎవరితో?"

"జైలుకు చూడబోయిన మనిషితో."

"ఆ మనిషి కోర్టులో చెబుతుందా?"

గంగరత్నం క్యారియర్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఆ రోజొస్తే చెబుద్దండి."

విచారణ రోజు నాంచారయ్య తరఫున చెంచురామయ్య లేచాడు. ముద్దాయి చిన్నాన్న మస్తాన్‌రావు పెట్టిన లాయరాయన. వాదన అంతా అయ్యాక గొంతు తగ్గించాడు.

"ఇంట్లో ముసలి తల్లి ఒక్కతే ఉందండి. భర్త లేడు. కళ్లకు శుక్లాలు. కొడుకు తెస్తేనే ఆమెకు ముద్ద. ఆమె ముఖం చూసైనా దయచూపాలి."

వైదేహి వెనక్కి తిరిగి చూసింది. గంగరత్నం తలమీదుగా కొంగు కప్పుకుని తలుపు చాటున నిలబడి ఉంది. ఊరివాళ్ల కంటపడ్డానికి భయపడుతోంది కాబోలు అనుకుంది.

డాక్టరు ఇచ్చిన కాగితం సర్కారు లాయరు చేతికిచ్చి, ఆయన చెవిలో ఒక మాట చెప్పింది. ఆయన దాన్ని గట్టిగా అన్నాడు.

"కొడుకు రాకపోతే ఆ తల్లికి ముద్ద ఉండదేమో గానీ, వస్తే కోడలికి ప్రాణం ఉండదండి."

జడ్జిగారు డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చదివి పిటిషన్ కొట్టేశారు.

మధ్యాహ్నానికి వరండా ఖాళీ అయింది. మస్తాన్‌రావు వాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. గంగరత్నం చివరి బల్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. గెలిచాం పిన్నిగారూ అని పలకరిస్తే తలూపింది. శ్మశానం నుంచి తిరిగొచ్చిన మనిషిలా ఉంది. బల్లమీద క్యారియర్. పొద్దున ఆసుపత్రిలో జావ పట్టిన పైగిన్నె ఖాళీ. కిందిగిన్నె మూత తియ్యనే లేదు. చేపల పులుసు వాసన వస్తోంది.

వైదేహి పక్కన కూర్చుంది. ఆమెకూ ఇంటికి వెళ్లాలని తొందరేం లేదు. పోయిన వేసవి దాకా అన్నం ముందు ఎదురుచూసే మనిషి ఒకరుండేవారు.

"మా అమ్మ పోయేటప్పుడు నేను ఈ కోర్టులోనే ఉన్నాను పిన్నిగారూ. అందుకేనేమో, చెంచురామయ్యగారు ఆ ముసలావిడ మాటెత్తగానే గుండె కలుక్కుమంది. ఇవాళ ఆవిడ పొయ్యి వెలిగించుకుందో లేదో."

"పొద్దున్నే వెలిగించిందండి."

ఒకే ఊరు కదా, చూసి ఉంటుంది అనుకుంది వైదేహి.

"కేసు ఇంతటితో అయిపోలేదు. ముందుముందు సాక్షులు కావాలి. జైలుకు వెళ్లి వాడి మాట విన్న మనిషి చాలా ముఖ్యం. ఆవిడ పేరేంటి?"

గంగరత్నం లేచింది. క్యారియర్ కొక్కెం సరిచేసుకుని, మెట్టు ఎక్కడుందోనని కాలితో వెతుక్కుంటూ సబ్‌జైలు వైపు తిరిగింది.

"నా పేరే రాసుకోండమ్మా, వాణ్ణి కన్నది నేనే."