నోరు దాటని మాట

“నోరు విప్పావంటే సోమవారం వ్యానులో నీ చోటు ఖాళీగా పోతుంది, జోలాంతా” అన్నాడు లెషెక్, బల్ల మీద తెల్లగుడ్డ ముడతలు సరిచేస్తూనే. “పోలండులో, క్రొస్నోలో మీ అమ్మాయి ఏ బడికి పోతుందో, ఏ బస్సెక్కుతుందో మావాళ్ళకి తెలుసు. గుర్తుంది కదా?”

జోలాంత తలూపింది. సిలువకు చెరోపక్క కొవ్వొత్తులు నిలబెట్టింది.

ఆ ఇంట్లో పొలం పనివాళ్ళు ఎనిమిదిమంది. ఎనిమిది పాస్‌పోర్టులూ, ఫోన్లూ లెషెక్ ఇనప్పెట్టెలో ఉన్నాయి. వ్యాను వాళ్ళను క్యాబేజీ పొలాలకు తీసుకెళ్ళేది, తిరిగి తెచ్చి ఇంట్లో దింపేది. ఆపైన తాళం పడేది. ఇంగ్లండులోని ఆ లింకన్‌షైర్ పల్లెలో వాళ్ళతో మాట్లాడిన బయటి మనిషి ఒక్కడూ లేడు. సోమవారం అందరినీ స్కాట్లండుకు తరలిస్తున్నారు. కాబట్టి క్రిస్మస్ వెళ్ళాక పోలిష్ ఇళ్ళను దీవించడానికి చర్చి నుంచి వచ్చే మనిషి తప్ప జోలాంతకు మరో దారి లేదు. అతణ్ణి గుమ్మంలోంచే పంపేసే ధైర్యం లెషెక్‌కూ లేదు. దీవెన అందని ఇంటికి ఏడాది పొడుగునా అరిష్టమని తల్లి అతనికి నూరిపోసింది. మనుషులకు తాళం వేయడం నేర్చుకున్నాక కూడా ఆ నమ్మకం సడలలేదు.

గంట మోగింది.

వచ్చినవాడికి పాతికేళ్ళుంటాయి. నల్ల అంగీ మీద తెల్లటి పైచొక్కా, చేతిలో పవిత్ర జలం.

“నా పేరు ఫాబియన్. పెద్ద ఫాదర్‌కి జ్వరమండి. మూడు జిల్లాల పోలిష్ ఇళ్ళూ ఆయన ఒక్కరే తిరగాలాయె. అందుకని నన్ను పంపారు.”

“మీసమైనా సరిగ్గా మొలవలేదు, ఫాదర్!” లెషెక్ నవ్వి అతని చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. “రండి, రండి. ఇక్కడ అందరం హాయిగా ఉన్నాం. ఏమర్రా?”

“హాయిగా ఉన్నాం” అన్నారు గోడవారన నిలబడ్డవాళ్ళు.

ప్రార్థన అయింది. నీళ్ళు చిలకరించాడు. ఆచారం ప్రకారం తలుపు మీద సుద్దతో కొత్త సంవత్సరం అంకెలు రాశాడు. ఇక మిగిలింది వెళ్ళిపోవడమే.

“ఫాదర్, నేను పాపసంకీర్తనం చేసుకోవాలి. నా పాపాలు మీ ఒక్కరి దగ్గరే ఒప్పుకోవాలి” అంది జోలాంత.

ఫాబియన్ ఏదో అనబోయాడు గాని లెషెక్ ముందే అందుకున్నాడు.

“చేసుకోనివ్వండి ఫాదర్. పద్ధతి పద్ధతే. మేం వంటింట్లో ఉంటాం.”

ఆమెను దాటుతూ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వెందుకో జోలాంతకు అప్పుడు తెలియలేదు.

తలుపు మూసుకోగానే ఆమె మోకరిల్లింది. ఆపుతున్నట్టు ఫాబియన్ అరచెయ్యి ఎత్తాడు.

“అమ్మా, ముందు ఒక్క మాట...”

“ఆపకండి ఫాదర్, టైము లేదు. వాడు మమ్మల్ని తాళం వేసి ఉంచాడు.”

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. ఆమె అన్నీ చెప్పింది. ఇనప్పెట్టె, కూతురు, నవంబరులో పారిపోబోయి దొరికిన మిరోస్వావ్, అతని విరిగిన వేళ్ళు.

“సోమవారం ఎన్నింటికి?” గుసగుసగా అడిగాడు ఫాబియన్.

“నాలుగింటికే.”

“ఇంట్లో తుపాకీ ఉందా?”

“చూడలేదు. పెరట్లో కుక్కుంది.”

ఆమె తల వంచి క్షమాపణ కోసం ఎదురుచూసింది. అతని చెయ్యి లేవలేదు.

“పాపక్షమ ప్రార్థన చదవరేం, ఫాదర్?”

అతని ముఖం పాలిపోయింది. “చదవలేనమ్మా.”

ఎందుకని అడిగేలోపు తలుపు తెరుచుకుంది. “అయిందా? బోలెడు పాపాలున్నట్టున్నాయే!” అంటూ వచ్చిన లెషెక్ అతణ్ణి గుమ్మందాకా సాగనంపి, గడియ వేసి, అప్పుడు విరగబడి నవ్వాడు.

“పిచ్చిదానా! నేనెందుకు బయటికి పోయాననుకున్నావు, సూపు కాయడానికా? మామూలుగా చెవిలో ఊది ఉంటే వాడు తిన్నగా పోలీసుల దగ్గరికే పోయేవాడు. నువ్వేమో పాపసంకీర్తనంలో చెప్పావు. అక్కడ విన్నది గొంతు మీద కత్తి పెట్టినా ఫాదర్ నోరు దాటకూడదు. దాటిందా, వాడికి నరకమే. వాడి నోటికి తాళం నువ్వే వేశావు, నేను కాదు.”

చిన్నప్పటి నుంచీ తెలిసిన నియమమే. భయంలో గుర్తు రాలేదు. ఏకాంతంగా మాట్లాడడానికి ఆమె వెతికిన దారే ఆ మాట బయటికి పోయే దారిని మూసేసింది. ఫాదర్ ముఖం అందుకే పాలిపోయిందనుకుంది జోలాంత. గోడకు చేరగిలబడింది.

“కుక్కకి తిండి పడేసి వస్తా” అన్నాడు లెషెక్, చొక్కా చేతులు మడుస్తూ. “రాత్రి అందరూ పడుకున్నాక మనిద్దరం మాట్లాడుకుందాం.”

ఆ రాత్రి ఇంట్లోవాళ్ళు పడుకునేలోగానే కిటికీ అద్దాల మీద నీలిదీపాలు తిరిగాయి. వీధి తలుపు విరిగింది. పోలీసుల వెనక, బురదలో అంగీ అంచు ఈడ్చుకుంటూ ఫాబియన్ వచ్చాడు.

“మీ అమ్మాయి దగ్గరికి అక్కడి పోలీసులు వెళ్ళారమ్మా. క్షేమంగా ఉంది.”

జోలాంతకు ఏడుపు రాలేదు, ఇంకో భయం వచ్చింది. “నా కోసం మీ ఆత్మ పోగొట్టుకున్నారా, ఫాదర్?”

“పోగొట్టుకున్నాడు!” బేడీలు పడిన చేతులు విదిలిస్తూ లెషెక్ అరిచాడు. “పాపసంకీర్తనం బయటపెట్టాడు! రేపే బిషప్పుకి రాస్తాను. నీ గురుపట్టం ఊడబీకిస్తాను రా!”

“ఊడబీకాలంటే ముందు ఇవ్వాలి కదండీ” అన్నాడు ఫాబియన్. “నాకు ఫాదర్‌గా గురుపట్టం వచ్చే మే నెలలో. అప్పటిదాకా ఇళ్ళు దీవించగలనే గాని, పాపసంకీర్తనం వినే అధికారం నాకింకా లేదు.”