పలకని బండి

“నువ్వు మెకానిక్కువా, మంత్రగత్తెవా? నీ షెడ్డులో పలికే బండి నా ఇంటి ముందుకొచ్చేసరికి నోరు మూసుకుంటుందేం? వారం నుంచి ఇదే వరస!”

కారాయన గొంతు వీధి చివరిదాకా వినపడింది. చేతిలోని రిమోట్‌ని పీక నులుముతున్నట్టు నొక్కుతున్నాడు. కారుకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. తలుపు తెరుచుకోలేదు, లైటు వెలగలేదు, కూతా లేదు.

మెకానిక్కు ఆ అరుపులకి బెదిరే మనిషి కాదు. “రిమోట్‌లో బ్యాటరీ కొత్తది. లోపల బోర్డు బాగుంది. బండిలో రిసీవరూ బాగుంది. అంటే జబ్బు బండిలో లేదు, ఇక్కడ గాల్లో ఉంది,” అంది సంచీలోంచి సిగ్నల్ కొలిచే చిన్న మీటరు తీస్తూ.

“గాల్లోనా? నా చెవిలో పువ్వేమైనా కనపడుతోందా?”

“మీ చెవి సంగతి నాకెందుకు గానీ, ఇటు చూడండి. మీ రిమోట్ ఏ సిగ్నల్ మీద మాట్లాడుతుందో, సరిగ్గా దాని మీదే ఇంకెవరో ఆపకుండా మాట్లాడుతున్నారు. ఆ గోలలో మీ మాట బండికి వినపడటం లేదు.”

మీటరు ముల్లు నిజంగానే పైకి లేచి వణుకుతోంది. ఆ ఇంకెవరో ఎవరో కారాయనకి చిటికెలో తెలిసిపోయింది. వెతకడం దేనికి, ఎదురింటాయన ఉండనే ఉన్నాడు. ఆ వీధిలో నీడ పడే చోటు ఒక్కటే. అక్కడ కారెవరు పెట్టాలన్న దాని మీద ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

“వాడే! నా బండి కదలకపోతే నీడంతా వాడిదే కదా!” అంటూ వెళ్లి ఎదురింటి తలుపు దబదబా బాదాడు.

ఎదురింటాయన సబ్బు నురగ మొహంతోనే బయటికొచ్చాడు. గడ్డం సగమే గీసి ఉంది. “ఏంటయ్యా, తలుపు విరగ్గొడతావా?”

“నా రిమోట్ పనిచెయ్యకుండా లోపల ఏం మిషను పెట్టావు?”

“దానికి మిషనెందుకయ్యా? నువ్వు నొక్కే నొక్కుడుకి అదే చచ్చుంటుంది.”

“మాటలొద్దు. ఇల్లు వెతకనిస్తావా లేదా?”

“వెతుక్కో. కానీ ఒక షరతు. నా ఇంట్లో దొరికితే నేను ఆ నీడ జన్మలో తొక్కను. దొరక్కపోతే నువ్వు తొక్కకూడదు. అమ్మాయ్, నువ్వే సాక్షివి.”

“సరే!” అన్నాడు కారాయన. ఆ నీడ కోసమే ఆయన ఇన్నాళ్లూ కోడి కంటే ముందు లేస్తున్నాడు. ఇక అది శాశ్వతంగా తనదేనని లోపల్లోపల పండగ చేసుకున్నాడు కూడా.

మెకానిక్కు ఎదురింటి గదులన్నీ తిరిగింది. గది గదికీ ముల్లు కిందికి జారింది. వంటింట్లోకి వెళ్లేసరికి పూర్తిగా పడుకుంది. ఎదురింటాయన నురగలోంచి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

“వీడికి అమ్ముడుపోయావా నువ్వు?” అని కారాయన ఆమె మీదికి లేచాడు.

ఆమెకి తిక్క రేగింది. “మీటరుకి చుట్టరికాలుండవండీ. ఎటు ఎక్కువుంటే అటు లేస్తుంది,” అని విసవిసా వీధి దాటింది. కారు దగ్గర ముల్లు లేచింది. కారాయన గేటు దగ్గర ఇంకా లేచింది. ఆమె అడగకుండానే లోపలికి నడిచింది. వెనకాల కారాయన, ఆయన వెనకాల తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఎదురింటాయన.

“నా ఇంట్లో ఏముంది, నా బొంద! ఆ టీవీ తప్ప ఏమీ లేదు. చూసుకో.”

టీవీ దగ్గర ముల్లు పెద్దగా కదల్లేదు. మెట్ల దగ్గర ఎగిరింది.

“పైన ఎవరుంటారు?”

“ఎవరూ లేరు.” కారాయన తడుముకున్నాడు. “అంటే, మా అన్నయ్య ఉంటాడు. పక్షవాతం. నడవలేడు, మాట కూడా పడిపోయింది. ఆయా పొద్దునా సాయంత్రం వచ్చి చూసి పోతుంది. మిగతా టైమంతా నిద్రే. ఆయన దగ్గర మిషన్లేముంటాయి?”

అప్పటికే ఆమె సగం మెట్లెక్కేసింది. కారాయనకి మొదటిసారి భయమేసింది. నీడ చేజారిపోతుందన్న భయమే అది.

గది తలుపు తియ్యగానే ముల్లు చివరికంటా వెళ్లి కొట్టుకుంది. అన్నయ్య నిద్రపోవడం లేదు. మంచం మీంచి సగం కిందికి జారి, ఒక కాలు వేలాడుతూ, తలుపు వైపే చూస్తున్నాడు. దుప్పటి తడిసిపోయి ఉంది. నీళ్ల గ్లాసు దొర్లి గోడవారకి పోయింది. బాగున్న ఒక్క చేతిలో తెల్లటి బొత్తాం ఒకటి ఉంది. దాన్ని అదిమి అదిమి బొటనవేలు పాలిపోయింది.

ఎదురింటాయన ఒక్క పరుగున వెళ్లి ఆయన్ని పట్టుకుని మంచం మీదికి సర్దాడు. పందెం మాట ఎత్తలేదు. మెకానిక్కు వంగి ఆ బొటనవేలిని మెల్లగా లేపింది. ముల్లు ఠక్కున పడిపోయింది. కారాయన వేళ్లు అలవాటుగా రిమోట్‌ని నొక్కుతూనే ఉన్నాయేమో, కింద వీధిలో కారు కుయ్‌మని పలికింది.

“మీ బండికి అడ్డం వస్తున్నది ఇదే,” అంది ఆమె. “వైరు లేని కాలింగ్ బెల్ బొత్తాం. నొక్కి ఉంచినంతసేపూ సిగ్నల్ పోతూనే ఉంటుంది. ఎవరైనా ఒకసారి నొక్కి వదిలేస్తారు. ఈయన ఇంతింతసేపు ఎందుకు నొక్కుతున్నారు? దీని బెల్ ఎక్కడుంది?”

అన్నయ్య కళ్లు తమ్ముడి మీదికి తిరిగాయి.

“అటక మీద,” అన్నాడు కారాయన. “మాటిమాటికీ మోగి టీవీ చూడనివ్వడం లేదని, పోయిన వారం నేనే పీకి పడేశాను.”