సందులేని తలుపు

బాత్రూం తలుపు లోపలివైపు గోళ్ల గీతలున్నాయి.

వడ్రంగి మేస్త్రీ చేతిలో ఉలి ఆగిపోయింది. గడియ దగ్గర కొన్ని, కిందికి వచ్చేకొద్దీ మరికొన్ని. ఆఖరివి నేలకి జానెడు ఎత్తులో. అంటే ఈ ఇంటి అమ్మగారు నిలబడి మొదలుపెట్టి, కూలబడ్డాక కూడా గీకుతూనే ఉన్నారు.

ఆమెకి ఆయాసం జబ్బు. వారం రోజులుగా ముసురు. దానికితోడు వేన్నీళ్ల ఆవిరి. తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. మందేమో పడగ్గదిలో ఉండిపోయింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన భర్త పక్కింటివాళ్లని పిలిచి, గొడ్డలితో తలుపు పగలగొట్టించేసరికి అంతా అయిపోయింది. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయారు.

టేకు తలుపు అలా ఉబ్బదు. ఇది టేకు కాదని తనకి తప్ప ఎవరికీ తెలియదన్నదే మేస్త్రీ ధైర్యం. కానీ గొడ్డలి దెబ్బ పడ్డచోట, మెరుగు కింద నుంచి పాలిపోయిన మామిడి చెక్క పళ్లికిలిస్తోంది. చటుక్కున దాని మీద తువ్వాలు కప్పేశాడు.

ఆర్నెల్ల కిందట ఈ ఇంటి తలుపులకి కర్ర ఎంచుకునేటప్పుడు యజమాని ఒక్క ముక్కనైనా గీకి చూడలేదు. కర్రల సంగతి తనకేం తెలుసనీ, అన్నిటికీ టేకే వెయ్యమనీ అన్నాడు. అలాంటి అమాయకుడు దొరకడం అదృష్టమనుకున్నాడు మేస్త్రీ. వీధి తలుపుకి మాత్రం టేకు వేసి, మిగతావాటికి చవక మామిడి చెక్క వాడేశాడు. రంగేసి మెరుగు పెట్టాక అమ్మగారు మురిసిపోయి, ఇక అద్దమెందుకు, ఈ తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చని నవ్వారు.

బిగించేరోజు చిక్కొచ్చిపడింది. మామిడి కదా, వానలకి ఉబ్బుతుందని చుట్టూ కాస్త సందు వదలబోయాడు. యజమాని ఒప్పుకోలేదు.

"టేకుకి అంత సందెందుకు మేస్త్రీ? అది ఉబ్బదుగా. కాగితం కూడా దూరకూడదు."

ఉబ్బుతుందంటే మామిడని ఒప్పుకున్నట్టే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బిగువుగా బిగించాడు.

ఇప్పుడు ఆ యజమానే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం పీక్కుపోయింది. ఆ తలుపుని కళ్లతో చూడలేననీ, ముక్కలుగా కోసి పెరట్లో తగలబెట్టమనీ చెప్పాడు. మేస్త్రీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. రంపం అందుకుని మధ్యాహ్నానికల్లా పని ముగించాడు. ఎంతకీ అంటుకోనని మొరాయించిన కర్ర కిరోసిన్ పోశాక పొగలు కక్కుతూ కాలింది.

ఆఖరి ముక్క కూడా బూడిదైంది. ఇక సాక్ష్యం లేదు. పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్లిపోవచ్చు. కానీ నేలకి జానెడు ఎత్తులో ఉన్న ఆ గీతలు కాలలేదు. అవి కళ్లలోనే ఉండిపోయాయి.

అక్కడే కూలబడి యజమాని కాళ్లు పట్టుకున్నాడు.

"బాబుగారూ, అది టేకు కాదండీ. మామిడి. కక్కుర్తిపడి మీ కళ్లు కప్పాను. అమ్మగారిని నేనే పొట్టన పెట్టుకున్నాను. కొట్టండి, పోలీసులకి పట్టించండి, పడతాను."

యజమాని కోప్పడలేదు. పుల్లతో బూడిద కెలికి, ఎక్కడా చెక్క మిగల్లేదని చూసుకున్నాడు. తర్వాత వంగి మేస్త్రీ భుజం తట్టాడు.

"ఊరుకో మేస్త్రీ, మామిడికి టేకు మెరుగు పెట్టి అంటగట్టేవాడు ఎవడున్నాడా అని నెల్లాళ్లు వాకబు చేసి మరీ నిన్ను పిలిపించాను."