తాడు పట్టినవాడు

మూడు గుక్కలు పడందే కోదండం మ్యాన్‌హోల్‌లోకి దిగలేడు.

కంపు ఒక్కటే కాదు. మెడదాకా నల్లనీళ్లు, ఊపిరి పీలిస్తే లోపలికి ఏం పోతుందో తెలియని చీకటి. వలసొచ్చి పన్నెండేళ్లుగా ఖిదిర్‌పూర్ గల్లీల్లో మురుగు తియ్యడానికి దిగుతున్నా ఆ భయం ఒక్కరోజూ తగ్గలేదు.

ఇప్పుడు ఇంకో భయం తోడైంది. ఇంకోసారి తాగి పనికొస్తే పేరు కొట్టేయిస్తానని గ్యాంగును నడిపే సర్దారు గోవిందరాజు తేల్చి చెప్పాడు. సరిగ్గా ఆ వారంలోనే బైరాగి అనే కొత్త మనిషి గ్యాంగులో చేరాడు.

నలభై ఏళ్లుంటాయి. తనలాగే శ్రీకాకుళం వైపు మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. పని మొదలయ్యే ముందు మాత్రం కోదండం దగ్గరకొచ్చి ముఖంలోకి పరీక్షగా చూసేవాడు.

"ఇయ్యాల నువ్వు దిగకు తమ్ముడూ. నాను దిగతాను. నువ్వు తాడట్టుకో."

మొదటిరోజు కోదండానికి ప్రాణం లేచొచ్చింది. నాలుగోరోజుకి అనుమానం పుట్టింది. అడక్కుండా ఆ నరకంలోకి దిగేవాడు ఎవడుంటాడు? పర్మనెంటు ఉద్యోగం కోసం తిరుగుతున్న కూలీ అయి ఉంటాడు. రోజూ తన ముఖం పరీక్షించేది తాగాడని సర్దారు చెవిన వెయ్యడానికే. ఇంటికెళ్లి భార్య సుందరితోనూ అదే అన్నాడు. ఈ పని పోతే పిల్లలతో రోడ్డున పడతామని ఆమె బెదిరిపోయింది.

శనివారం ఓవర్సియర్ బాబు తనిఖీకి వస్తాడని తెలిసింది. ఆ ఉదయం కోదండం టీకొట్టు వెనక్కి వెళ్లి మామూలుకంటే ఎక్కువే తాగాడు. సగం సీసా నడుముకు దోపుకొని వచ్చేసరికి ఓవర్సియర్ వీధి మలుపు తిరుగుతున్నాడు.

బైరాగి ఒక్క అంగలో దగ్గరకొచ్చాడు. కోదండం నడుముకు కట్టాల్సిన తాడు తన నడుముకు బిగించుకున్నాడు.

"నా కడుపు కొట్టకు," అన్నాడు కోదండం, పళ్ల బిగువున.

బైరాగి తాడు రెండో కొస అతని చేతిలో పెట్టాడు.

"రెండుసార్లు లాగితే పైకి తియ్యాల. మరిచిపోకు తమ్ముడూ," అని దిగిపోయాడు.

ఓవర్సియర్ వచ్చి, లోపలున్నదెవరని అడిగి, బైరాగి పేరు రాసుకున్నాడు. తర్వాత సర్దారునూ మిగతావాళ్లనూ వెంటబెట్టుకొని పక్క వీధికి వెళ్లాడు.

పేరు రాసుకున్నాడంటే తన ఉద్యోగం అతనికి పోయినట్టే అనుకున్నాడు కోదండం. తాడు చేతికి చుట్టుకొని, గోడకు చేరబడి, మిగిలింది ఎత్తి తాగేశాడు. కళ్లు మూతలు పడ్డాయి.

తాడు రెండుసార్లు కదిలింది.

ఎక్కడో ఎవరో పిలుస్తున్నట్టు అనిపించింది. మళ్లీ కదిలింది. లాగాలనుకున్నాడు. చెయ్యి లేవలేదు.

మెలకువ వచ్చేసరికి తాడు బరువుగా వేలాడుతోంది. అతని కేకలకు జనం పరుగెత్తుకొచ్చి లాగారు. బైరాగి ముక్కునిండా, నోటినిండా బురద; ఊపిరి లేదు. విషవాయువు కమ్మేసిందన్నారు. తాడు సంగతి కోదండాన్ని ఎవరూ అడగలేదు. ఎప్పుడు అడుగుతారోనన్న భయంతో అతనికి కూడు సహించలేదు.

పదోరోజున షాలిమార్ బస్తీకి వెళ్లి, బైరాగి ఇల్లు వెతుక్కుని, గుమ్మంలో నిలబడ్డాడు. అతని భార్య పున్నమ్మకు అంతా చెప్పేశాడు. తాగానని, తాడు కదలడం తెలిసిందని, లాగలేకపోయానని. తన ఉద్యోగం కాజేయడానికే బైరాగి వచ్చాడనుకున్నానని కూడా చెప్పాడు. చెప్పి, తల వంచుకుని, ఆమె నోటివెంట ఏ శాపం వస్తుందోనని బిక్కచచ్చి నిలబడ్డాడు.

"నీ ఉద్యోగం ఆయనకెందుకు బాబూ? పంపుహౌసులో పర్మనెంటు. మీ గ్యాంగులో తాగి దిగేవోడున్నాడని విని, ఆ కుర్చీ ఒగ్గేసి, అడిగి మరీ వచ్చినాడు," అంది పున్నమ్మ. "ఆరేళ్ల కిందట మా మరిది ఇలాగే లోపలుండిపోనాడు. ఆరోజు తాగి తాడట్టుకున్నోడు మా ఆయనే."