రాయి వయసు

చప్పట్లు ఆగడం లేదు. సదాశివరావు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఢిల్లీ ఆర్.కె. పురంలో అద్దెకు తీసుకున్న స్కూలు హాల్లో తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన జరుగుతుంది. అక్కడ ఏటా ఒక ఆదివారం సృష్టి గురించి ప్రసంగం ఉంటుంది. దేవుడు ఆరు దినాల్లో అన్నీ చేశాడని, భూమి వయసు ఆరువేల ఏళ్ళేనని, కొండల్నీ లోయల్నీ చెక్కింది నోవహునాటి జలప్రళయమేనని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రసంగం సదాశివరావుదే.

ఇవాళ యువజన కూటంలో అదే విషయం మీద జశ్వంత్‌ని పది నిమిషాలు మాట్లాడమన్నారు. సంఘంలో కొత్తగా చేరాడు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పది నిమిషాలు కాస్తా నలభై అయ్యాయి. తెర మీద నీళ్ళు పొంగాయి, ఓడ తేలింది, కొండలు విరిగాయి. ఇంకా చూపించమంటూ పిల్లలు "ఔర్ దిఖాఓ, భయ్యా!" అని అరిచారు.

సదాశివరావు దగ్గర అలాంటి బొమ్మల్లేవు. ఒక రాయి ఉంది. మునిర్కా దగ్గర గుట్టల్లో ఏరింది. దాని మీద అలల గుర్తులుంటాయి. ఏటా దాన్నే ఎత్తి చూపిస్తాడు. చూపించే ముందు అలవాటుగా నాలిక చివరకి తాకిస్తాడు, పిల్లలు నవ్వుతారు. ఇక్కడి పిల్లలకు తెలుగు చదవడం రాదు కనుక నోట్సు ఇంగ్లీషులో చేత్తో రాసిస్తాడు. ఆ కోడిగీతలు చదవగలిగింది సంఘ కార్యదర్శి కమలాకుమారి ఒక్కతే. ఆవిడే టైపు చేసి పంచుతుంది.

"మీ రాత ఆ దేవుడికీ నాకూ తప్ప ఎవరికీ అర్థం కాదండీ" అంటుంది ప్రతి ఏడూ.

ఇంటికి వెళ్తుంటే బస్సులో భార్య సరోజ అంది. "ఎంత బాగా చెప్పాడండీ ఆ అబ్బాయి! ఇన్నేళ్ళూ మీరు చెప్పిందే. కానీ నాకు ఇవాళే అర్థమైంది."

సదాశివరావుకి ఒళ్ళు మండిపోయింది. దానికి వేరే పేరేదైనా పెట్టుకుందామని చూశాడు, కుదరలేదు. అది అచ్చమైన అసూయే.

మర్నాడు పాస్టర్ త్యాగరాజు ఫోను చేశాడు.

"అంకుల్, ఈసారి సృష్టి ప్రసంగం బ్రదర్ జశ్వంత్‌కిద్దాం అనుకుంటున్నామండీ. శనివారం కమిటీలో ఖాయం చేస్తాం. ముగింపు ప్రార్థన మీరు చేద్దురుగాని."

ముగింపు ప్రార్థన! పెళ్ళికొడుకుని లేపి విస్తళ్ళు తీయమన్నట్టుంది. సదాశివరావు ఆ పూట అన్నం ముట్టలేదు.

రిటైరై మూడేళ్ళయింది. ఏం చేసేవారని ఎవరైనా అడిగితే "సెంట్రల్ గవర్నమెంటండీ" అంటాడు. ఢిల్లీలో అంతకుమించి గుచ్చి అడిగేవాళ్ళుండరు. ఇప్పుడు ఆయనకంటూ ఉన్నది ఏడాదికి ఒక్క ఆదివారం. అదీ పోతోంది.

రాత్రి పడుకున్నాక, ఆ కుర్రాడి పేరు ఇంటిపేరుతో సహా ఎక్కడో చూసినట్టు అనిపించింది. మూడు రోజులు ఇంట్లో అటక మీద దుమ్ములో తుమ్ముకుంటూ వెతికాడు. నాలుగో రోజు దొరికింది. ఎనిమిదేళ్ళ కిందటి బైండు పుస్తకం. ఢిల్లీ చుట్టుపక్కల రాళ్ళ మీద జశ్వంత్ రాసిన థీసిస్. నలభై ఏడో పేజీలో ఆ రాళ్ళ వయసు ఉంది. నూట యాభై కోట్ల సంవత్సరాలు.

ఆ పేజీలో ఆయనకి ఆ అంకె తప్ప ఇంకేమీ కనబడలేదు. వీధి చివరి కొట్లో జిరాక్సులు తీయించి, ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

శనివారం కమిటీకి జశ్వంత్‌నీ పిలిచారు. సదాశివరావు తలా ఒక కాపీ పంచాడు.

"మనకేమో ఆరువేలు, కాలేజీకేమో నూట యాభై కోట్లు! ఇలాంటి రెండు నాలుకలవాణ్ణి పిల్లల ముందు నిలబెడతారా పాస్టర్‌గారూ?"

పాస్టర్ మొహం వాడిపోయింది. "ఇది మీకెక్కడిదండీ?"

"ఎక్కడిదైతేనేం? అబద్ధమేమో అతన్నే అడగండి."

జశ్వంత్ తల దించుకున్నాడు. "నాదే అంకుల్. అప్పటికి నేను ప్రభువుని ఎరగను. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు."

"అడక్కపోతే చెప్పరా? విశ్వాసి అయినవాడు తను రాసిందేదో తనే చెప్పుకోవాలి. చెప్పుకోనివాడు ఆ మైకు ముట్టుకోకూడదు. అంతేనా పాస్టర్‌గారూ?"

పాస్టర్ తన కాపీ మడిచి పక్కన పెట్టాడు. "అంకుల్ చెప్పింది న్యాయమే. ఎవరికైనా అదే రూలు."

సదాశివరావుకి ప్రాణం లేచొచ్చింది. ఈసారి ఇంకాస్త పెద్ద రాయి తేవాలనుకున్నాడు.

జశ్వంత్ లేచి వెళ్ళబోతూ కాగితం వంక మళ్ళీ చూశాడు.

"కానీ అంకుల్, ఇది నా దగ్గరి కాపీ కాదు. దిద్దమని ఎగ్జామినర్‌కి పోస్టులో పంపింది. ఆయనెవరో మాకు చెప్పరు. ఇదిగో, పక్కన పెన్సిలుతో ఆయనే ఏదో రాశారు. నాకైతే ఒక్క ముక్క అర్థం కావట్లేదు."

సదాశివరావు మొదటిసారి ఆ పేజీ అంచు చూశాడు. "అదంతా ఇప్పుడెందుకమ్మా, ఇలా ఇచ్చెయ్యి" అంటూ కమలాకుమారి చేతిలోని కాగితం కోసం చెయ్యి చాపాడు.

కానీ ఆవిడ అప్పటికే కళ్ళజోడు సర్దుకుని, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ ఎక్కడా తడుముకోకుండా తెలుగు చేసి చదివేసింది: "ఈ రాయి వయసు బాగా తక్కువ చూపించారు, ఇంకో ఇరవై కోట్ల ఏళ్ళు కలపండి."