గోటి గీతలు

దీవికి వెళ్ళే పడవ ఎక్కేటప్పటికి హార్లన్ దగ్గర ఉన్నవి మూడు: బాగా నడిచే పడవ మోటారు, జేబులో రెండు వందల డాలర్లు, తేనెటీగల పెంపకంలో ముప్పై ఏళ్ళ అనుభవం. లేనివల్లా ఆరు తేనెపెట్టెలు.

ఇంకో మూడు వారాల్లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం తీరమంతా బ్లూబెర్రీ పూతకొస్తుంది. పూత మీద ఈగ వాలితేనే కాయ. మెరిల్ తోటలో ఇరవై పెట్టెలు అద్దెకి పెడతానని హార్లన్ మాటిచ్చాడు. చలికాలం తినేసినవి పోగా మిగిలినవి పద్నాలుగు. లెక్క తగ్గిందా, పదకొండేళ్ళ బేరం ఇంకొకడి పాలవుతుంది.

దీవిలో థెల్మా అనే ముసలావిడ ఆరు పెట్టెలు వదిలించుకుంటోందని కబురు. ఆవిడ లాబ్‌స్టర్లు పట్టే పడవకి మోటారు కావాలట.

"నువ్వా నాయనా!" థెల్మా గుమ్మంలోనే గుర్తుపట్టింది. "నిరుడు వ్యవసాయ ప్రదర్శనలో తేనెటీగల శత్రువుల గురించి, వాటి ఆనవాళ్ళ గురించి గంటసేపు చెప్పావు. ముందు వరసలోనే కూర్చున్నా. ఒక్క ముక్క పొల్లుపోకుండా విన్నా!"

హార్లన్ ఛాతీ అంగుళం పెరిగింది.

పెట్టెలు ఇంటి వెనక, నేల మీదే ఉన్నాయి. సన్నగా చినుకు పడుతోంది.

"చూసుకో, దాచేదేం లేదు. రోజురోజుకీ ఈగలు పలచబడిపోతున్నాయి. నాకేమో రోగం అనిపిస్తోంది."

హార్లన్ వంగాడు. వంగినవాడు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు.

పెట్టెల ద్వారాల ముందు గడ్డి పీకేసి ఉంది. మట్టిలో వరసగా గోటి గీతలు. గడపల మీద బురద. కింద నమిలి ఉమ్మేసిన ఈగల ముద్దలు, కషాయం రంగులో, బఠాణీ గింజంతేసి.

రోగమూ లేదు, రొష్టూ లేదు. స్కంక్! పిల్లంత ఉండే కంపు జంతువు, వీపు మీద తెల్లచారల దొంగ. పొద్దుగూకాక వచ్చి పెట్టెని గీకుతుంది. ఎవరా అని కాపలా ఈగలు బయటికొస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు కాళ్ళ కింద నలిపి, నోట్లో వేసుకుని, రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. పురుగులు, ఎలకపిల్లలు, పక్షిగుడ్లు, ఏది దొరికినా కాదనదు గానీ, తేనెపెట్టె రుచి మరిగిందంటే రోజూ వేళకి హాజరు. మందు కూడా తేలికే. పెట్టెని మోకాలెత్తు బల్ల మీద పెడితే చాలు. గీకాలంటే నిలబడాలి. నిలబడితే మెత్తటి పొట్ట మీద ఈగలు కుడతాయి. మళ్ళీ ఆ ఛాయలకి రాదు. మూడు వారాల్లో పెట్టె నిండుతుంది.

ఆ మాట పైకి అంటే ధర పెరుగుతుంది. హార్లన్ స్కంక్ ఊసే ఎత్తలేదు. ఒక మూత తీసినట్టే తీసి, లోపల తడుస్తుందని వెంటనే మూసేశాడు.

"రోగమే పెద్దమ్మా," అన్నాడు మొహం వేలాడేసి. "నూటికి నూరుపాళ్ళు రోగమే."

"అయ్యో! అయితే తీసుకోవా?"

"ఇంత దూరం వచ్చాక వట్టి చేతులతో ఏం పోతాను? చెక్కయినా పనికొస్తుంది. మోటారిస్తా. పైన డాలరు కూడా ఇవ్వను."

"ఒక్క వంద వేసుకో నాయనా."

"రోగిష్టి పెట్టెలకి వందా? నా పద్నాలుగింటికీ అంటుకుంటే నువ్విస్తావా?"

థెల్మా నిట్టూర్చింది. "సరే, నీ ఇష్టం. రోగమని నేనూ చెప్పా, నువ్వూ చెప్పావు. రేపు నా మీదికి రాకూడదు. ఎవరెట్ వింటున్నాడు," అంది, మోటారు మోసుకొచ్చిన పడవవాణ్ణి చూపిస్తూ.

"నేనెందుకొస్తాను!"

గోడకి ఆనించిన ఇనప పళ్ళ గొర్రుని పక్కకి జరిపి, చెయ్యి కలిపింది. ఆవిడ గోళ్ళ నిండా మట్టి, వేళ్ళ కొసల్లో కషాయం రంగు మరకలు. బంగాళాదుంపలు నాటే రోజులు మరి.

ద్వారాలకి వలగుడ్డ కట్టి ఆరు పెట్టెలూ పడవెక్కించారు. వాన వెలిసింది. హార్లన్ మనసులో లెక్క చూసుకున్నాడు. పోయింది మోటారు. మిగిలింది రెండు వందలు. వచ్చినవి ఆరు. సాయంత్రం తీసుకెళ్ళి ఆ పద్నాలుగింటి పక్కన పెడితే ఇరవై నిండినట్టే.

ఒడ్డు కనిపించేసరికి నోరు ఊరుకోలేదు.

"ముసలావిడని చూస్తే జాలేసిందయ్యా ఎవరెట్. స్కంక్ తినేస్తుంటే రోగం అనుకుంటోంది, పాపం!"

ఎవరెట్ చుక్కాని పట్టుకునే వెనక్కి తిరిగాడు.

"స్కంకా? మా దీవిలో ఆ జంతువే లేదయ్యా, దాని కంపు ఎలా ఉంటుందో తెలియాలంటే మేం పడవెక్కి మీ ఒడ్డుకి రావాల్సిందే!"